గాజు పలక మీద అడవి: కింగ్ కాంగ్ నుంచి పాతాళ భైరవి దాకా

అమెరికాలో జంగిల్ సినిమా మూగచిత్రాల కాలంలోనే పుట్టింది. ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో ఒక పత్రికకు రాసిన టార్జాన్ కథ 1918లో ఎల్మో లింకన్ కథానాయకుడిగా తెరకెక్కింది. ఆఫ్రికా అని చూపించిన అడవి లూసియానా రాష్ట్రంలోని చిత్తడి నేల. మెరియన్ కూపర్, ఎర్నెస్ట్ షూడ్‌సాక్ సయాం అడవులకు వెళ్లి, అక్కడి పల్లె కుటుంబాన్ని, ఏనుగుల మందను పెట్టుకుని ‘చాంగ్’ (1927) తీశారు. ఎంజీఎం సంస్థ డబ్ల్యూ.ఎస్. వాన్ డైక్‌ను ఆఫ్రికాకు పంపి ‘ట్రేడర్ హార్న్’ తీయించి 1931లో విడుదల చేసింది. ఆ యాత్రలో యూనిట్ నానా అవస్థలు పడింది. నాయిక ఎడ్వినా బూత్ జబ్బుపడి, తర్వాత నిర్మాణ సంస్థ మీద దావా వేసింది. అడవికి వెళ్లడం అంత కష్టమైనప్పుడు అడవినే స్టూడియోకు రప్పించడం మేలనుకున్నారు హాలీవుడ్ పనివాళ్లు. అలా రప్పించే క్రమంలో ఒక విద్య ఎదిగింది. మద్రాసు స్టూడియోల్లో దాని పేరు ట్రిక్ ఫొటోగ్రఫీ.

ఆ విద్యను తెలుగులో శిఖరానికి చేర్చిన దర్శకుడు అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన కదిరి వెంకటరెడ్డి. లోకానికి కె.వి. రెడ్డి. ఆయన ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’ చిత్రాలను హాలీవుడ్ జంగిల్ సినిమాల పక్కన పెట్టి చూస్తే రెండు విషయాలు తేలుతాయి. పనిముట్లు రెండు చోట్లా ఒకటే. పనితనంలో మాత్రం మనవాళ్లు ఎవరికీ తీసిపోలేదు.

స్టూడియోలో మొలిచిన అడవి

వాన్ డైకే తీసిన ‘టార్జాన్ ది ఏప్ మ్యాన్’ (1932) ఈ దారిలో పెద్ద విజయం. కథానాయకుడు జానీ వైస్‌ముల్లర్ 1924 పారిస్, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో కలిపి ఈతలో 5 బంగారు పతకాలు గెలిచినవాడు. నీళ్లలో జరిగే దృశ్యాల్లో ఆయనే ఈదాడు. చెట్ల మీద ఊగే షాట్లలో మాత్రం ఆయన బదులు సర్కస్ ఊయల విద్యలో ఆ కాలపు మేటి ఆల్‌ఫ్రెడో కొడోనా ఊగాడు. ‘ట్రేడర్ హార్న్’ కోసం ఆఫ్రికాలో తీసి మిగిలిపోయిన ఫిల్ము ఈ సినిమాకు అక్కరకొచ్చింది. కాలిఫోర్నియాలో దొరికే ఏనుగులు ఆసియా జాతివి, చెవులు చిన్నవి. వాటికి పెద్ద పెద్ద దొంగ చెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులుగా చలామణీ చేశారు. టార్జాన్ కేక గురించి చిలవలు పలవలుగా కథలున్నాయి. దుమ్ములగొండి అరుపును తిరగేసి, వయొలిన్ తీగ మోతను కలిపి చేశారని కొందరంటారు. అదంతా తన గొంతేనని వైస్‌ముల్లర్ చివరిదాకా చెప్పుకున్నాడు.

ఈ విద్యకు పరాకాష్ఠ 1933 మార్చిలో న్యూయార్క్‌లో విడుదలైన ఆర్‌కేఓ వారి ‘కింగ్ కాంగ్’. దర్శకులు మళ్లీ కూపర్, షూడ్‌సాక్‌లే. కానీ ఆ సినిమా ప్రాణం విల్లిస్ ఓబ్రయన్ అనే పనివాడి వేళ్లలో ఉంది. తెర మీద అడవిని గడగడలాడించే ఆ మహా వానరం నిజానికి చాలా షాట్లలో 18 అంగుళాల బొమ్మ. మార్సెల్ డెల్గాడో దానికి కీళ్లు తిరిగే లోహపు అస్థిపంజరం అమర్చి, రబ్బరుతో కండలు పెట్టి, పైన కుందేలు బొచ్చు కప్పాడు. ఓబ్రయన్ ఆ బొమ్మ చేతిని వెంట్రుకవాసి జరిపి ఒక ఫ్రేము తీసేవాడు. మళ్లీ జరిపి మరో ఫ్రేము. సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 1,440. ఒక్క ఫ్రేములో చెయ్యి అవసరమైన దానికన్నా ఎక్కువ జరిగితే తెర మీద కాంగ్ ఉలిక్కిపడినట్టు ఉంటుంది. దిద్దుకోవడానికి వీల్లేదు, ఆ షాటు మొదటి నుంచీ తీయాల్సిందే.

కాంగ్ ఒంటి మీద బొచ్చు అలలు అలలుగా కదలడం ఇప్పటికీ చూడొచ్చు. అది ప్రతి ఫ్రేముకూ బొమ్మను తాకిన వేళ్ల గుర్తు. కోపంతో జంతువుకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని ఆ రోజుల్లో కొందరు మెచ్చుకున్నారట. అసలు మెచ్చుకోవలసింది ఇంకొకటి ఉంది. రాకాసి బల్లితో పోరాడి దాని దవడ చీల్చి చంపాక కాంగ్ వెంటనే వెళ్లిపోడు. చచ్చిన బల్లి దవడను చేత్తో పైకీ కిందికీ ఆడించి చూస్తాడు. నిజంగా చచ్చిందా అన్న అనుమానం, గెలిచానన్న పసితనపు సంబరం రెండూ ఆ చిన్న కదలికలో ఉన్నాయి. రబ్బరు బొమ్మకు మనసుందని నమ్మించిన ఘనత ఓబ్రయన్‌ది. ఆ ఏడాది ఆస్కార్లలో ఇలాంటి పనికి విభాగమే లేదు. తర్వాత ఆయన పనిచేసిన ‘మైటీ జో యంగ్’ (1949) చిత్రానికి ఆ బహుమతి దక్కింది. ఆ సినిమాలో ఆయన శిష్యుడిగా పనిచేసిన రే హారీహౌసెన్ ఈ విద్యను మరో తరానికి అందించాడు.

పొదుపులోనూ ‘కింగ్ కాంగ్’ ఒక పాఠమే. కాంగ్ దీవిలోని పెద్ద గోడ, తలుపు సెసిల్ బి. డిమిల్ అంతకుముందు తీసిన ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ కోసం వేసిన సెట్టుకు మార్పులు చేసి వాడుకున్నవి. అదే సెట్టును 1938లో ‘గాన్ విత్ ది విండ్’ అగ్నిప్రమాద దృశ్యం కోసం తగలబెట్టారు. కాంగ్ తిరిగిన అడవిలోనే ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’ (1932) కూడా తీశారు. నాయిక ఫే రే రెండు సినిమాల్లోనూ ఉంది. ఒకే అడవి, రెండు కథలు. ప్రేక్షకుడికి తేడా తెలియలేదు.

విద్యలోని మర్మాలు

కంప్యూటర్ రాకముందు తెర మీది మాయంతా నాలుగైదు మూల పద్ధతుల మీద నడిచింది. అన్నిటికీ ఒకే నియమం: తీసేటప్పుడే అంతా తేలిపోవాలి. తర్వాత చూసుకుందాంలే అనే వెసులుబాటు లేదు.

మొదటిది గాజు చిత్రం. కెమెరాకూ సెట్టుకూ నడుమ పెద్ద గాజు పలక నిలబెడతారు. నటులు తిరిగే భాగాన్ని ఖాళీగా వదిలి, మిగతా పలక మీద కొండలు, మహావృక్షాలు, గోపురాలు చిత్రిస్తారు. కెమెరా కంటికి సెట్టులోని గోడ ఎక్కడ ఆగిందో, బొమ్మలోని గోడ సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. ఎండలో తీస్తే కష్టం ఇంకా ఎక్కువ. సూర్యుడు కదిలే కొద్దీ సెట్టు మీద నీడ మారుతుంది, గాజు మీద గీసిన నీడ మారదు. రెండూ కలిసే కాసేపట్లోనే షాటు ముగించాలి. ‘కింగ్ కాంగ్’ కోసం చిత్రకారులు మారియో లారినాగా, బైరన్ క్రాబ్ ఒక పలకతో ఆగలేదు. ముందొక పలక, వెనక బొమ్మ చెట్లు, ఆ వెనక మరో పలక, దాని వెనక ఇంకో వరస, ఇలా దొంతర్లు పేర్చారు. ఆ దీవి అడవిలో కనిపించే లోతు, చీకటి, వెనక్కి పోయే కొద్దీ పలచబడే మంచు ఆ దొంతర్ల పుణ్యమే. ఫ్రెంచి చిత్రకారుడు గుస్టావ్ డోరే గీసిన అడవి బొమ్మలను వాళ్లు నమూనాగా పెట్టుకున్నారు.

రెండోది మాస్క్. లెన్సు ముందు నల్ల అట్టతో సగం ఫ్రేము మూసి, తెరిచిన సగంలో ఒక నటుణ్ని తీస్తారు. ఫిల్మును చీకట్లోనే వెనక్కి తిప్పి, ఎన్ని ఫ్రేములు తిరిగాయో లెక్క చూసుకుని, ఈసారి తీసిన సగం మూసి మిగతా సగంలో రెండో దృశ్యం తీస్తారు. ద్విపాత్రాభినయాలన్నీ ఒకప్పుడు ఇలా వచ్చినవే. కెమెరా కాళ్లను నేలకు బిగించేవారు. ఫిల్ము ప్రతిసారీ అదే చోట నిలవాలి కాబట్టి గట్టి పిన్నులతో పట్టుకునే మిచెల్ కెమెరాకు అంత గిరాకీ. చెనక్కాయ విత్తేటప్పుడు గొర్రు ఒక్క సాలు పక్కకు పోతే పంట కోసేదాకా ఆ వంకర చేనులో కనిపిస్తూనే ఉంటుంది. మాస్కు గీత సంగతీ అంతే. ఒక్కసారి తప్పితే సినిమా ఆడినన్నాళ్లూ తెర మీద నిలిచి వెక్కిరిస్తుంది.

మూడోది డబుల్ ఎక్స్‌పోజర్. నల్ల వెల్వెట్ తెర ముందు నటుణ్ని తీసి, అదే ఫిల్ము మీద మళ్లీ సెట్టును తీస్తే ఆ మనిషి గాలిలో తేలే ఛాయలా కనిపిస్తాడు. దీని తమ్ముడే ఆపి మార్చే పద్ధతి. కెమెరా ఆపుతారు, సెట్టులో ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబట్టి కదలకుండా నిలుస్తారు, ఒక నటుడు తప్పుకుని ఇంకొకరు అదే చోట నిలబడతారు, కెమెరా మళ్లీ తిరుగుతుంది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ కావడమంటే ఇదే కిటుకు. కిటుకు చిన్నది. దాన్ని మాయ చేసేది ఇద్దరి నిలువు, చూపు, వెలుగు ఒక్కటిగా కుదరడం.

నాలుగోది మినియేచర్. చిన్న నగరం, చిన్న జలపాతం, చిన్న ఓడ. ఇళ్లను చిన్నవి చేయొచ్చు గానీ నీటి బొట్టును చిన్నది చేయలేరు. అందుకే నమూనా ఎంత చిన్నదైతే కెమెరాను అంత వేగంగా తిప్పుతారు. అసలులో 16వ వంతు నమూనా అయితే వేగం 4 రెట్లు, అంటే సెకనుకు 96 ఫ్రేములు. అప్పుడు నీళ్లు, మంటలు, కూలే గోడలు బరువుగా, నిదానంగా కదులుతాయి. ఈ లెక్క తెలియని వాళ్లు తీసిన వరద దృశ్యాలు చూడగానే తొట్టిలో తీశారని తెలిసిపోతుంది.

అయిదోది వెనక నుంచి వేసే బొమ్మ, అంటే బ్యాక్ ప్రొజెక్షన్. పలుచటి తెర వెనక ప్రొజెక్టరు పెట్టి పులిని, ఏనుగు మందను నడిపిస్తారు. తెర ముందు నటుడు నటిస్తాడు. ప్రొజెక్టరు రెక్క, కెమెరా రెక్క ఒకే క్షణాన తెరుచుకోవాలి, లేకపోతే బొమ్మ మిణుకుమంటుంది. తెర నడుమ వెలుగు గుత్తిగా కనిపించడం మరో బెడద. ఆర్‌కేఓ స్టూడియోలో సిడ్నీ సాండర్స్ చేసిన కొత్త తెర ఆ బెడదను చాలావరకు తీర్చింది.

వీటికి తోడు చప్పుడు. కాంగ్ గర్జన కోసం శబ్ద నిపుణుడు ముర్రే స్పివాక్ సింహం, పులి అరుపులను పట్టుకొచ్చి, వేగం తగ్గించి, వెనక్కి నడిపి కలిపాడు. బొమ్మకు ప్రాణం ఓబ్రయన్ పోస్తే గొంతు స్పివాక్ ఇచ్చాడు.

తాడిపత్రి మనిషి, వాహిని ఫ్లోరు

కె.వి. రెడ్డి 1912 జులై 1న పుట్టారు. మద్రాసులో డిగ్రీ చదివి, సినిమాల్లోకి క్యాషియరుగా వచ్చారు. ఆయన స్నేహితుడు, తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి వాహిని సంస్థకు, స్టూడియోకు పెట్టుబడి పెట్టిన పెద్ద. కరువు జిల్లా నుంచి వెళ్లినవాళ్లు మద్రాసు వడపళనిలో మాయాలోకాలు నిలబెట్టారు. ‘భక్త పోతన’తో దర్శకుడైన కె.వి. రెడ్డి ‘యోగి వేమన’ (1947), ‘గుణసుందరి కథ’ (1949) తీశాక విజయా సంస్థకు ‘పాతాళ భైరవి’ మొదలుపెట్టారు.

ఆయన గొప్పతనం కొలతలో ఉంది. షూటింగుకు ముందే రిహార్సల్సు చేయించి, స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సన్నివేశం నిడివి రాసుకునేవారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. సన్నివేశం ఎన్ని నిమిషాలో తెలిస్తే ఫిల్ము ఎన్ని అడుగులో తెలుస్తుంది. సినిమా పూర్తయ్యాక ఎంత పొడుగుంటుందో తీయకముందే చెప్పగలిగిన దర్శకుడాయన. క్యాషియరు బుద్ధి అని ఎగతాళి చేసేవాళ్లు చేయొచ్చు. ట్రిక్ ఫొటోగ్రఫీకి కావలసింది సరిగ్గా ఆ బుద్ధే. ఫ్రేములు లెక్కపెట్టలేనివాడి చేతిలో మాస్కు పనిచేయదు.

ఆయనకు దొరికిన కన్ను మార్కస్ బార్ట్‌లీ. బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ (1945)కు కెమెరా పట్టిన ఈ ఆంగ్లో ఇండియన్ తర్వాత మలయాళంలో ‘చెమ్మీన్’ (1965)కూ కెమెరామన్. దీపాలను ఆయనలా వాడిన కెమెరామన్ దక్షిణాదిలో మరొకడు లేడంటే అతిశయోక్తి కాదు. కళ మాధవపెద్ది గోఖలే, కళాధర్‌లది. కథ, మాట పింగళి నాగేంద్రరావువి. ఇలాంటి జట్టు మళ్లీ కుదరలేదు.

1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళ భైరవి’ జానపద కథ కావచ్చు గానీ దాని నడక సాహస చిత్రానిది. తోటరాముడు నేపాళ మాంత్రికుడి వెంట కొండగుహకు వెళతాడు. కొలనులో మొసలితో పోరాడతాడు. చచ్చిన మొసలి శాపం తీరి దివ్యరూపం పొంది మాంత్రికుడి కుట్ర చెబుతుంది. హాలీవుడ్‌లో ‘టార్జాన్ అండ్ హిజ్ మేట్’ (1934)లో వైస్‌ముల్లర్ యంత్రపు మొసలితో పోరాడాడు. ఆ పోరాటాన్ని తర్వాతి టార్జాన్ సినిమాల్లోనూ అతికించుకున్నారు. అక్కడ మొసలి చస్తే ఆ గొడవ అక్కడితో సరి. ఇక్కడ మొసలి చావుతో కథ మలుపు తిరుగుతుంది. మాయ కథకు పనికొచ్చిందా, కథను ఆపి మాయ చూపించారా అన్న గీటురాయి మీద ‘పాతాళ భైరవి’ చాలా హాలీవుడ్ సినిమాల కన్నా మెరుగు. మాయా శాలువా కప్పుకున్నవాడు కనిపించకుండా పోవడం, తోటరాముడి మహలు మాయమైపోవడం, శిలావిగ్రహంలోంచి భైరవి ప్రత్యక్షం కావడం, అన్నీ కథను ముందుకు నెట్టే మలుపులే. పైగా మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు ఉన్నాక సగం ట్రిక్కు ఆయన కళ్లలోనే జరిగిపోతుంది. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ సినిమాను ప్రదర్శించారు.

‘మాయాబజార్’ 1957 మార్చి 27న వచ్చింది. ద్వారకా నగరం కోసం గోఖలే, కళాధర్ సుమారు 300 చిన్న ఇళ్లు కట్టించి దీపాలు పెట్టించారు. ఆ షాటులో నగరం మీదుగా కెమెరా నెమ్మదిగా సాగుతుంటే ఇవి బొమ్మ ఇళ్లన్న ఆలోచనే రాదు, ఎందుకంటే ఒక్కో కిటికీలో వెలుగు ఒక్కో తీరుగా ఉంటుంది. ఘటోత్కచుడి విందులో లడ్డూలు తమంతట తామే లేచి నోట్లోకి వెళ్లే ముచ్చట మరొకటి. ఇలాంటి షాటుకు ఉన్న దారులు సన్నని తీగ లాగడమో, ఫిల్మును వెనక్కి నడపడమో. దారి ఏదైనా, లడ్డూ వచ్చే దిక్కుకు రంగారావు కళ్లు ముందే తిరగడం, అది చేరే క్షణానికి దవడ తెరుచుకోవడం చూడాలి. అక్కడ కెమెరా, కళ, నటన మూడూ ఒకే తాళం మీద నడిచాయి. పడవ పాటలో బార్ట్‌లీ దీపాలతో కురిపించిన వెన్నెల గురించి రాసి మెప్పించడం కష్టం. సినిమా చూడటమే దారి. 2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా సీఎన్‌ఎన్-ఐబీఎన్ ఛానల్ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో ‘మాయాబజార్’ దేశంలోకెల్లా గొప్ప చిత్రంగా ఎన్నికైంది. తెలుగువాళ్లకు అది ఎప్పుడో తెలిసిన సంగతే.

ఈ వరుసలో రవికాంత్ నగాయిచ్‌ను మరవకూడదు. ఎన్టీఆర్ దర్శకత్వంలో వచ్చిన ‘సీతారామ కల్యాణం’ (1961)కు కెమెరా ఆయనదే. రావణుడి పది తలల కోసం ఒకే ఫిల్మును పదే పదే వెనక్కి తిప్పి తీశారని, ఎన్టీఆర్ గంటల తరబడి కదలకుండా నిలబడ్డారని పరిశ్రమలో నేటికీ చెప్పుకుంటారు.

గుమ్మఘట్ట నేల టిక్కెట్టు

ఈ సినిమాల విలువ తెలియాలంటే వాటిని చూసిన జనాన్ని తెలుసుకోవాలి. రాయదుర్గం పక్కన, కర్ణాటక సరిహద్దులో ఉన్న గుమ్మఘట్ట ప్రాంతం అలాంటి జనం ఉన్న చోటు. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు నిండిన ఏడాది పండగ, నిండని ఏళ్లే ఎక్కువ. బండరాళ్ల గుట్టలు, జాలి కంప, చెనక్కాయ చేలు. ఆ గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి గానీ, ఊడలు వేలాడే కారడవి కంటికి కనిపించదు. ఇలాంటి ఊళ్లకు అడవిని, జలపాతాన్ని, ఏనుగు మందను మోసుకొచ్చింది టూరింగ్ టాకీసు డేరా. గుడ్డ గోడల్లోంచి వెలుతురు వస్తుంది కాబట్టి పొద్దు మునిగాకే ఆట. దేవుడి పాట రికార్డు వేశారంటే బొమ్మ మొదలవబోతోందని ఊరికి తెలిసేది. ఒక్కటే ప్రొజెక్టరున్న చోట రీలు మార్చినప్పుడల్లా ఓ చిన్న విరామం. ఆ విరామంలో నేల టిక్కెట్టు జనం మాంత్రికుడి గుట్టు విప్పే పనిలో ఉండేవారు.

ఆ జనం అమాయకులని, ఏది చూపించినా నమ్మేవారని అనుకోవడం పొరపాటు. వాళ్లు తరతరాలుగా తోలుబొమ్మలాట చూసినవాళ్లు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నేటికీ ఆ కళకు పట్టుగొమ్మ. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను తెరకు ఆనిస్తే బొమ్మ గీత స్పష్టంగా ఉంటుంది. దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెరిగి పలచబడుతుంది. హనుమంతుడు అలా పెరిగి లంకకు దూకడం చూసిన కళ్లకు ఘటోత్కచుడు పెరగడం కొత్త కాదు. తెర, దీపం, నీడల మర్యాద తెలిసిన ప్రేక్షకులు కాబట్టే మంచి ట్రిక్కుకు ఈలవేశారు, చెత్త ట్రిక్కుకు నవ్వారు.

అనుకరణల జాతర

మంచి పని వెనకే చౌక పని వస్తుంది. బొంబాయిలో వాడియాలు 1937లోనే ‘తూఫానీ టార్జాన్’ తీశారు. అందులో కనీసం ఒళ్లు దాచుకోని సాహసం ఉంది. తెలుగులో బి. విఠలాచార్య ‘బందిపోటు’ (1963), ‘అగ్గి పిడుగు’ (1964), ‘లక్ష్మీ కటాక్షం’ (1970) లాంటి చిత్రాలతో జానపదాన్ని ఇంటింటి వినోదం చేశారు. తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో తీయడంలో ఆయన్ను మించినవారు లేరు. పేచీ పెట్టిన నటుణ్ని కథలో చిలుకగానో మేకగానో మార్చేసి షూటింగు కానిచ్చేవారని ఓ ముచ్చట ప్రచారంలో ఉంది. ఆయన చురుకును కాదనలేం. కానీ కె.వి. రెడ్డి దగ్గర మాయ కథలోంచి పుడితే, ఇక్కడ కథ మాయ కోసం కాచుకుని కూర్చుంటుంది. ఆ తేడా తెలిసినవాళ్లు ఇద్దరినీ ఒకే గాటన కట్టరు.

అసలు దోషం ఆయన వెనక వచ్చిన వాళ్లది. విదేశీ చిత్రాల నుంచి తెచ్చిన పులి ముక్కలను మన సినిమాకు అతికించడం ఒక పరిశ్రమ అయిపోయింది. పులి ఉన్న షాటులో ఫిల్ము గరుకు, నాయకుడున్న షాటులో నునుపు. పులి ఎడమకు చూస్తుంటే నాయకుడూ ఎడమకే చూసి భయపడతాడు. ఇద్దరూ కలిసి మూడోవాణ్ని చూస్తున్నట్టు ఉంటుంది. కోయలంటే తలకు ఈకలు, మెడలో ఎముకలు, నోటికి వచ్చిన కూతలు. గోదావరి లోయలో ఏ కోయ కుటుంబమూ అలా ఉండదు. ఈ రోగం హాలీవుడ్ నుంచే అంటుకుంది. ‘కింగ్ కాంగ్’, టార్జాన్ చిత్రాలు అడవి మనుషులను చూపిన తీరు ఎంత గొప్ప పనితనం ఉన్నా సమర్థించరానిది. పనితనం వదిలేసి ఆ మచ్చను మాత్రం మనవాళ్లు భద్రంగా తెచ్చుకున్నారు. 1977లో కె. రాఘవేంద్రరావు ‘అడవి రాముడు’ను మదుమలై అడవుల్లో నిజమైన ఏనుగులతో తీశారు. స్టూడియో మాయకు అది ఎదురు దారి, దాని అందం దానిది. దాని తర్వాత అడవి పేరుతో పుట్టిన సినిమాల్లో చాలావాటికి నిజమైన అడవీ లేదు, కట్టిన అడవీ లేదు.

కంప్యూటర్ మీద కోపం అక్కర్లేదు. ‘బాహుబలి’ (2015) జలపాతంలో అతిరప్పిళ్లి నీళ్లు, సెట్టు, కంప్యూటర్ బొమ్మ కలిసిన తీరు పాత మాస్కు విద్యకు మనవడే. కోపం రావలసింది అజాగ్రత్త మీద. పాదం కింద నేల నలగదు, జింకకు నీడ ఉండదు, వాన పడుతున్నా నాయకుడి జుట్టు తడవదు. 18 అంగుళాల రబ్బరు బొమ్మకు ఓబ్రయన్ ఇచ్చిన బరువును కోట్లు పోసి తెచ్చిన పులికి ఇవ్వలేకపోవడం సిగ్గుచేటు. తర్వాత సరిచేయొచ్చన్న ధీమా పనివాడి చేతిని సోమరిని చేసింది.

అన్నిటికన్నా మనసు కలుక్కుమనిపించేది రంగులద్దడం. 2010లో ‘మాయాబజార్’కు కంప్యూటర్‌తో రంగులు పూసి విడుదల చేశారు. కొత్త తరం చూసింది, డబ్బులొచ్చాయి, నిజమే. కానీ బార్ట్‌లీ దీపాలు పెట్టింది నలుపు తెలుపుల కోసం. ఏ బూడిద వన్నె పక్కన ఏ బూడిద వన్నె నిలవాలో చూసుకుని ఆయన వెన్నెల కురిపించాడు. దాని మీద నీలం పూస్తే వెన్నెల మిగలదు, నీలమే మిగులుతుంది. రంగుల ప్రతి ఉంటే ఉండనీ, అసలు ప్రతిని వెనక్కి నెట్టడం మాత్రం అపచారం.

మిగిలింది కాపాడుకోవాలి

1950ల తొలినాళ్ల దాకా సినిమాలను నైట్రేట్ ఫిల్ము మీద తీసేవారు. అది మంటను పిలుస్తుంది, నిల్వ ఉంటే జిగురై కుళ్లుతుంది. తర్వాతి ఎసిటేట్ ఫిల్ము కూడా వేడికి, తేమకు పులిసిన వాసనతో ముడుచుకుపోతుంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రతి ఒక్కటైనా నేడు మిగల్లేదు. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం 1964లో ఏర్పడేనాటికే ఎన్నో పోయాయి. 2003లో అక్కడి నైట్రేట్ నిల్వల్లో మంటలు లేచి మరికొన్ని పోయాయి. అమెరికాలో ‘కింగ్ కాంగ్’ను 1938లో సెన్సారు కోసిన ముక్కలు దశాబ్దాల తర్వాత దొరికితే తిరిగి అతికించి, 1991లో జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. ఒక బొమ్మ కోతి సినిమాకు వాళ్లిచ్చిన గౌరవంలో సగమైనా తోటరాముడికి దక్కాలి.

చేయవలసింది పెద్ద చిట్టా కాదు. ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’, ‘గుణసుందరి కథ’ల నెగెటివులు, మంచి ప్రింట్లు ఎక్కడ మిగిలాయో వెతికి, నలుపు తెలుపుల్లోనే పునరుద్ధరించాలి. నిర్మాతల వారసులు, ప్రభుత్వం, భాండాగారం ఒక చోట కూర్చుంటే అయ్యే పని ఇది. సినిమా పాఠశాలల్లో కంప్యూటర్ నేర్పే ముందు ఒక్క మాస్కు షాటు చేత్తో తీయించాలి. కె.వి. రెడ్డి పుట్టిన జిల్లాలో, తాడిపత్రిలోనూ రాయదుర్గంలోనూ గుమ్మఘట్టలోనూ, ఏడాదికొక్కసారైనా పెద్ద తెర మీద ‘పాతాళ భైరవి’ని అసలు రూపంలో ఆడించాలి. పాత ప్రింటో, పాటల పుస్తకమో, స్టిల్లో ఇంట్లో దాచుకున్న పాఠకులు దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయకుండా భాండాగారానికి అందజేయాలి. మంచి ప్రతులు మిగిలి ఉండగానే ఈ పని జరగాలి.